రైతునడిగి నేర్చుకున్న శాస్త్రవేత్త: అమిల్కార్ కబ్రాల్

వ్యవసాయ పరిశోధన అనగానే మన కూలీ సోదరులకు గుర్తొచ్చేది ముళ్ళకంచె వేసిన ప్రభుత్వ ఫారం. లోపల పచ్చని మళ్ళు, మడికో పలక, పలక మీద ఏదో పేరు, ఏదో నెంబరు. ఆ మళ్ళల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ కూలీలే. కాని ఆ పలకల మీద రాసిందేమిటో వాళ్ళకు చెప్పేవారుండరు. కొత్త విత్తనం వస్తుంది, దిగుబడి పెరుగుతుంది. పెరిగిన గింజ ఎవరి గాదెలోకి పోయిందన్న ప్రశ్నకు మాత్రం ఫారం లెక్కల్లో చోటుండదు.

ఆ ప్రశ్నను తన చదువులో భాగం చేసుకుని, జవాబు కోసం ఊరూరా తిరిగి, దొరికిన జవాబు కోసం చివరికి ప్రాణమిచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. పేరు అమిల్కార్ కబ్రాల్. పశ్చిమ ఆఫ్రికాలో గినీ బిస్సావ్, కేప్ వెర్దీ దేశాల విముక్తి నాయకుడిగా ఆయన్ను లోకం ఎరుగును. ఆయన తుపాకీ సంగతి తెలిసినంతగా ఆయన పొలం పుస్తకం సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ రెండోదాన్ని గురించి చెప్పుకోవడం కూలీ సంఘాల్లో పనిచేసే మనకు చాలా అవసరమని మేమనుకుంటున్నాం.

కరువులో పెరిగిన పిల్లవాడు

కబ్రాల్ 1924 సెప్టెంబరు 12న నాటి పోర్చుగీసు గినీలోని బఫాతా అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు కేప్ వెర్దీ దీవుల వాళ్ళు. తండ్రి జువెనాల్ కబ్రాల్ బడిపంతులు. తల్లి ఇవా పిన్యెల్ ఎవోరా బట్టలు కుట్టి, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో కూలి చేసి పిల్లల్ని సాకింది. కబ్రాల్ చిన్నతనంలోనే కుటుంబం కేప్ వెర్దీకి తిరిగి వెళ్ళిపోయింది.

కేప్ వెర్దీ అంటే పచ్చని అగ్రమని అర్థం. పేరులోనే ఆ పచ్చదనం. ఆఫ్రికా తీరానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఆ పది దీవుల్లో వాన కురిస్తే కురిసినట్టు, లేకుంటే లేదు. వాన తప్పిన ఏడు జనం చచ్చిపోయేవారు. 1941 మొదలు 1948 దాకా రెండు విడతలుగా భయంకరమైన కరువులు వచ్చి పదుల వేలమందిని మింగేశాయి. 1940లో సుమారు లక్షా ఎనభై వేలున్న జనాభా 1950 నాటికి లక్షా యాభై వేలకు దిగింది. చావగా మిగిలినవాళ్ళలో ఎందరినో కంట్రాక్టు కూలీలుగా ఓడలెక్కించి సావో తోమే దీవిలోని కోకో తోటలకు తరలించారు. వానలు లేకపోవడం ప్రకృతి చేసిన పని. గింజ నిలవ చెయ్యకపోవడం, చెరువు తవ్వకపోవడం, కొండవాలు మట్టి సముద్రంలోకి కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం పాలకులు చేసిన పని. ఈ తేడాను కబ్రాల్ పుస్తకాల్లో చదవకముందే కళ్ళతో చూశాడు. వ్యవసాయ శాస్త్రం చదవాలన్న పట్టుదలకు మూలం ఆ కరువుల్లోనే ఉంది.

యజమాని దేశంలోనూ కూలీ కూలీయే

1945లో స్కాలర్‌షిప్పు మీద కబ్రాల్ పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్ళి వ్యవసాయ ఉన్నత విద్యాలయంలో చేరాడు. అప్పుడక్కడ సలజార్ నియంతృత్వం నడుస్తున్నది. అంగోలా నుంచి వచ్చిన అగొస్తిన్యో నేతో, మారియో ద అంద్రాదె వంటి యువకులతో అక్కడే స్నేహం కుదిరింది. తనతోపాటు వ్యవసాయ శాస్త్రం చదివిన మరియా హెలెనా అనే పోర్చుగీసు యువతిని పెళ్ళాడాడు.

చదువు ముగింపులో ఆయన ఎంచుకున్న పరిశోధన మట్టి కోత. దక్షిణ పోర్చుగల్‌లో అలెంతేజో అనే ప్రాంతం ఉంది. వేల ఎకరాల భూస్వాముల ఎస్టేట్లు, వాటి చుట్టూ సెంటు భూమిలేని దినకూలీలు. దేశానికి గోధుమ కావాలని సలజార్ ప్రభుత్వం ఎగదోస్తే, బలహీనమైన మెట్టనేలలను కూడా వరసగా దున్ని గోధుమ చల్లారు. నేల చట్టు తేలింది. ఆ మట్టిని పరీక్షించిన కబ్రాల్ వాన, వాలు, గాలి లెక్కలతో ఆగలేదు. ఆ నేల ఎవరి చేతిలో ఉందో, ఎవరి లాభం కోసం దున్నారో కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఎక్కడో పట్నంలో కూర్చుని కౌలు గుంజుకునే యజమానికి మట్టి మీద మమకారం ఉండదు. రేపు ఉంటాడో ఉండడో తెలియని కౌలుదారుకు మట్టిని కాపాడే శక్తి ఉండదు. కాబట్టి మట్టి జబ్బుకు మందు మట్టిలో మాత్రమే దొరకదన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసింది. పోర్చుగల్ జెండా కింద తెల్ల కూలీ కూడా ఆకలితోనే ఉన్నాడన్న సంగతీ అక్కడే తెలిసింది. ఆ తరువాత జీవితమంతా తమ పోరాటం పోర్చుగీసు పాలన మీదే తప్ప పోర్చుగీసు ప్రజల మీద కాదని ఆయన పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఫారం దాటి పల్లెల్లోకి

1952లో ప్రభుత్వ వ్యవసాయ ఇంజనీరుగా గినీకి తిరిగి వచ్చాడు. బిస్సావ్ పట్నం పక్కన పెసుబె అనే చోట ఉన్న ప్రయోగ క్షేత్రం ఆయన చేతికిచ్చారు. పంట రకాలను, సాగు పద్ధతులను పరీక్షించే ఆ క్షేత్రాన్ని ఆయన మళ్ళీ నిలబెట్టాడు. ఫారంలో పండినది పల్లెలో రైతు చేతికి అందకపోతే ఆ ఫారం ఎందుకన్నది ఆయన పట్టిన మొదటి పంతం.

సరిగ్గా అప్పుడే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అన్ని దేశాల్లో సాగు లెక్కలు తీయమని కోరుతున్నది. గినీలో ఆ గణన బాధ్యత 1953లో కబ్రాల్ మీద పడింది. పాలకులు కోరింది కాగితాల మీద కొన్ని అంకెలు. కరణం ఇంటి అరుగు మీద కూర్చుని రాసిన అడంగల్ లాంటిది ఒకటి తయారైతే వాళ్ళకు చాలు. కబ్రాల్ అలా చెయ్యలేదు. చిన్న బృందాన్ని కూడగట్టుకుని, మరియా హెలెనాతో సహా, నెలల తరబడి దేశమంతా తిరిగాడు. తిరిగిన దూరం 60 వేల కిలోమీటర్లకు పైమాట. చూసిన ఊళ్ళు 350కి పైగా, పరిశీలించిన రైతు కుటుంబాల కమతాలు 2,200 పైచిలుకు. ఆ దేశం వైశాల్యమెంత? సుమారు 36 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో మూడోవంతు కూడా ఉండదు. జనాభా అప్పట్లో ఐదు లక్షల పైచిలుకు. అంతటి చిన్న దేశంలో అంత తిరిగితే ఇక చూడని మూల ఏముంటుంది!

పొలం కొలిచారు. ఏ పంట ఎంత మేర వేశారో, ఏ పంటలో ఏది కలిపారో, ఎన్నేళ్ళు బీడు పెట్టారో రాసుకున్నారు. 1956లో అచ్చయిన ఆ నివేదికే ఆ దేశపు సాగును గురించి మొదటి సమగ్రమైన లెక్క.

లెక్క ఏం చెప్పింది

మొదటిది వరి సంగతి. గినీ తీరమంతా సముద్రపు పోటు లోపలికి తోసుకొచ్చే ఏరులు, మడ అడవులు. చూసేవాడికి అది పనికిరాని ఉప్పు బురద. అక్కడి బలాంతా రైతులు ఆ బురదలో బంగారం పండించేవారు. మడ చెట్లు నరికి, బురదతో కరకట్ట పోసి సముద్రపు నీటిని ఆపుతారు. కొన్నేళ్ళు వానకు వదిలేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు కొనకు ఇనుప పట్టీ తొడిగిన పొడవాటి చెక్క పారతో బోదెలు తోలి, నారు తెచ్చి నాటుతారు. తాటిజాతి మానును తొలిచి కట్టలో తూముగా పెడతారు. వాననీరు ఎక్కువైతే బయటికి వదలాలి, ఉప్పునీరు లోపలికి రానివ్వకూడదు. ఒక్క ఏడు కట్ట తెగి ఉప్పు ఎక్కిందా, మళ్ళీ కొన్నేళ్ళు పంట లేనట్టే. ఇదంతా ఏ కాలేజీలో నేర్పిన విద్య? తరతరాలుగా ఊరు ఊరంతా కలిసి చేస్తూ నేర్చుకున్న విద్య. పాలకులు ఎనకబడిన జాతి అని కొట్టిపారేసిన మనుషుల్లో ఇంత నీటిశాస్త్రం ఉన్నదని కబ్రాల్ గ్రహించాడు.

రెండోది వేరుశనగ సంగతి. లోపలి మెట్ట ప్రాంతంలో ఫులా, మాందింకా రైతులు జొన్న, సజ్జ వేసుకుని బతికేవారు. పోడు కొట్టి రెండు మూడేళ్ళు పండించి, తరువాత నేలను ఏళ్ళ తరబడి అడవికి వదిలేవారు. నేల తిరిగి బలం పుంజుకునేది. పాలకులు తలపన్ను వేశారు. పన్ను నగదులో కట్టాలి. నగదు కావాలంటే వేరుశనగ వెయ్యాలి. వేరుశనగ కొనేది పోర్చుగల్ పెద్ద పెట్టుబడిదారీ సంస్థ సి.యు.ఎఫ్.కు చెందిన గౌవేయా కంపెనీ. ధర వాళ్ళది, కాటా వాళ్ళది. పన్ను తీరడానికి ఏటికేడు ఎక్కువ నేల వేరుశనగ కిందికి పోయింది. బీడు పెట్టే కాలం తగ్గింది, అడవి తరిగింది, నేల అలిసింది. 1953లో ఫులకుందా ప్రాంతంలో పోడు మంటలను, బీడు నేలలను ప్రత్యేకంగా పరిశీలించి కబ్రాల్ వ్యాసం కూడా రాశాడు. పోడు కొట్టే రైతును అడవి దొంగ అని తిట్టే అధికారులకు అది గట్టి జవాబు. మంట పెట్టింది రైతు చెయ్యి కావచ్చు, ఆ చేతిని తోసింది పన్ను.

ట్రాక్టర్లు దింపితే అన్నీ బాగుపడతాయని అప్పట్లో పెద్ద ప్రచారం జరిగింది. యంత్రాల సాగు గురించి కూడా ఆయన ఆలోచించి రాశాడు. పలచని వేడిదేశపు నేలను లోతుగా తిరగేస్తే ఒక్క వానాకాలానికే మట్టి కొట్టుకుపోతుంది. యంత్రం చెడ్డదని కాదు, ఏ నేలలో, ఎవరి చేతిలో, ఎవరి కోసమన్నది ముందు తేలాలి. పశువుల సంగతీ అంతే. ఆ ప్రాంతంలో న్‌దామా అని మూపురం లేని పొట్టి జాతి పశువులున్నాయి. సెట్సీ ఈగ కుట్టి వచ్చే నిద్రజబ్బును తట్టుకు నిలబడే గుణం వాటికుంది. పాలు తక్కువని ఎగతాళి చేసి పరదేశపు పెద్ద పశువును తెచ్చి కడితే ఆ ఈగల మధ్య అది బతకదు. మెరుగు చెయ్యడమంటే ఉన్నదాంట్లోని బలమేమిటో ముందు తెలుసుకోవడమే.

నినాదం ఎలా మారింది

ఇక మన కార్యకర్తలు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. గినీలో తెల్లవాళ్ళ ఎస్టేట్లు దాదాపు లేవు. భూమి ఊరి ఉమ్మడి సొత్తుగా ఉండేది. దున్నేవాడికే భూమి అన్న నినాదంతో ఆ పల్లెల్లోకి పోతే రైతు అర్థంకాక చూస్తాడు. భూమి తన చేతిలోనే ఉంది మరి. దోపిడీ జరుగుతున్నది కాటా దగ్గర, పన్ను దగ్గర, రోడ్లకూ పోర్టులకూ పట్టుకుపోయే వెట్టి దగ్గర. ఫులా జనంలో పెద్దలూ దొరలూ ఉన్నారు, రైతు వాళ్ళకు చాకిరి చెయ్యాలి. బలాంతాల్లో దొరలే లేరు. ఒకే దేశంలో పక్కపక్క ఊళ్ళలో ఇంత తేడా ఉంది. దీన్ని ఏ సిద్ధాంత గ్రంథమూ ఆయనకు చెప్పలేదు. గణన పుస్తకం చెప్పింది. అందుకే ఊరికో తీరుగా, అక్కడి బాధను బట్టి మాట్లాడాలని నిర్ణయించుకున్నాడు.

పాలకులకు ఆయన మీద అనుమానం ముదిరింది. ఆ దేశంలో నూటికి 98 మందికి పౌరహక్కులే లేవు. వాళ్ళను కూడగట్టే ప్రయత్నం ఏది చేసినా నేరమే. 1955లో కబ్రాల్ గినీ వదలవలసి వచ్చింది. అంగోలాలో చెరకు తోటల్లో, ఇతర ఎస్టేట్లలో నేల పరీక్షలు చేస్తూ, లిస్బన్‌లో గిడ్డంగుల గింజకు పట్టే పురుగుల మీద పరిశోధన చేస్తూ బతికాడు. గినీ, కేప్ వెర్దీ ఆఫ్రికన్ స్వాతంత్ర్య పార్టీ తన పుట్టుకను 1956 సెప్టెంబరు 19గా లెక్కిస్తుంది.

1959 ఆగస్టు 3న బిస్సావ్ రేవులోని పిజిగీతిలో కూలి పెంచమని సమ్మె చేసిన హమాలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 50 మంది దాకా చనిపోయారు. పట్నంలో కూలీలు ఎంత ధైర్యంగా నిలబడినా తుపాకుల ముందు ఒంటరివాళ్ళేనని తేలింది. పల్లెకు పోవాలని పార్టీ నిర్ణయించింది. ఏ పల్లె? ఏ దారిన? ఎవరి ఇంటికి? ఇవన్నీ గణన కోసం తిరిగినవాడికి తెలుసు. ప్రభుత్వ సొమ్ముతో సాగిన గణన అలా ప్రభుత్వానికే ఎదురు తిరిగింది.

పొరుగున ఉన్న గినీ దేశ రాజధాని కొనాక్రీలో వందలాది యువకులకు ఆయన శిక్షణ ఇచ్చాడు. ఊరి పెద్ద వేషం తానే కట్టి, కార్యకర్త వచ్చి ఎలా పలకరించాలో నాటకంలో రిహార్సలు లాగా చేయించేవాడు. ముందు ఉపన్యాసం కూడదు. పంట ఎలా ఉంది, వేరుశనగకు ధరెంత ఇచ్చారు, పన్ను ఎంత కట్టావు, కొడుకుని వెట్టికి తీసుకుపోయారా అని అడగాలి. వినాలి. ఆ తరువాతే మాట.

వరి మడి కూడా యుద్ధరంగమే

1963 జనవరిలో సాయుధ పోరాటం మొదలైంది. 1964 ఫిబ్రవరిలో కస్సకాలో జరిగిన మహాసభ సొంత దళాల్లో తలెత్తిన దౌర్జన్యాలను విచారించి, ప్రజల్ని పీడించిన కమాండర్లను కఠినంగా శిక్షించింది. విముక్తి ప్రాంతాల్లో ప్రజా దుకాణాలు వెలిశాయి. రైతు వడ్లు తెచ్చిపోస్తే గుడ్డ, ఉప్పు, పనిముట్లు ఇచ్చేవారు. షావుకారు ఇచ్చేదానికంటే మెరుగైన మారకం. కంపెనీకి పోయే వేరుశనగ తగ్గించి వరి పెంచమనీ, ఒక్క పంట మీద ఆధారపడక కర్రపెండలం, చిలగడదుంప, చిక్కుళ్ళు, కూరలు, పండ్ల చెట్లు వెయ్యమనీ కబ్రాల్ పల్లెపల్లెకూ చెప్పించాడు. ఫారం ఇంజనీరు ఉద్యోగం వదిలాడే గాని పని వదల్లేదన్నమాట.

పోర్చుగీసు విమానాలు నాపామ్ బాంబులు వేశాయి. ఊళ్ళతోపాటు వరి మళ్ళనూ, కరకట్టలనూ కొట్టాయి. కట్ట తెగితే ఉప్పు ఎక్కుతుందని శత్రువుకూ తెలుసు. ఒకప్పుడు బియ్యం ఎగుమతి చేసిన గినీలో వలస ప్రభుత్వం తన పట్నాల కోసం బియ్యం దిగుమతి చేసుకోవలసిన స్థితి వచ్చింది. 1972 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక బృందం విముక్తి ప్రాంతాల్లో తిరిగి అక్కడి పాలనను కళ్ళారా చూసింది.

1973 జనవరి 20 రాత్రి కొనాక్రీలో కబ్రాల్‌ను కాల్చి చంపారు. చంపినవాళ్ళు ఆయన పార్టీ మనుషులే. గినీ వాళ్ళకూ కేప్ వెర్దీ వాళ్ళకూ మధ్య ఉన్న అనుమానాలను పోర్చుగీసు పాలకులు ఎంతోకాలంగా ఎగదోస్తూ వచ్చారు. ఆ నిప్పును పూర్తిగా ఆర్పడం కబ్రాల్‌కు కూడా సాధ్యం కాలేదు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్ళు. ఎనిమిది నెలలకు, 1973 సెప్టెంబరు 24న, గినీ బిస్సావ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో ఆ యుద్ధాలతో విసిగిన సైనికాధికారులే నియంతృత్వాన్ని కూలదోశారు. 1975 జులై 5న కేప్ వెర్దీ స్వతంత్రమైంది.

తీరని బాకీ

ఇంతటితో కథ సుఖాంతమని చెబితే అది అబద్ధమవుతుంది. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం పల్లెల కష్టాన్ని పట్నాల మీద ఖర్చుపెట్టింది. 1980లో సైనిక కుట్ర జరిగి రెండు దేశాల ఐక్యత తెగిపోయింది. అప్పులిచ్చే సంస్థల షరతులు వచ్చాయి. వేరుశనగ పోయి జీడిమామిడి వచ్చింది. ఇటీవలి దశాబ్దాల్లో ఆ దేశపు ఎగుమతుల్లో నూటికి 90 వంతుల వరకూ పచ్చి జీడిగింజలే. రైతు జీడిగింజల బస్తా ఇచ్చి దిగుమతి బియ్యం తీసుకుంటున్నాడు. గింజ ధర పడిన ఏడు ఆ ఇంట పొయ్యి వెలగదు. మడ నేలల్లో కరకట్ట కట్టడం నేర్చిన జనం వరి కొనుక్కు తినడం కంటే అన్యాయం ఏముంటుంది!

ఆ జీడిగింజలు కొనే ముఖ్యమైన దేశాల్లో మన దేశం ఒకటి. మన శ్రీకాకుళం జిల్లా పలాస ఫ్యాక్టరీలకు కూడా ఆఫ్రికా గింజలు వస్తుంటాయి. జీడిరసంతో చేతులు కాలే మన ఆడకూలీకీ, సముద్రానికి అవతల చెట్టుకింద గింజలేరే గినీ తల్లికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఇద్దరి కష్టానికీ మధ్యన ఉన్న కాటా మాత్రం ఒక్కటే.

కబ్రాల్ మనకు వదిలిపోయింది ఒక పని పద్ధతి. మంచి విత్తనం కావాలి, మంచి పశువు కావాలి, శాస్త్రం కావాలి. వాటిని వద్దనేవాడు పేదవాడి స్నేహితుడు కాడు. అయితే ఆ శాస్త్రం పొలంలో వంగి పనిచేసేవాణ్ణి అడగాలి, పండినదాన్ని ఎవరు పట్టుకుపోతున్నారో చెప్పాలి. చెప్పకపోతే చెప్పించే పని మన సంఘాలది. మన ఊళ్ళో ఎందరు కౌలుకు చేస్తున్నారు, కౌలు ఎంత, ఏ విత్తనం ఎక్కడినుంచి వచ్చింది, కూలి మగవారికెంత, ఆడవారికెంత, అప్పు ఎవరి దగ్గర, కాటా ఎవరిది? ఒక నోటుపుస్తకం, ఒక కొలతాడు, నలుగురు మనుషులు ఉంటే ఈ లెక్క మనమే తీయగలం. ఇంటింటికీ పోయి అడుగుదాం. వాళ్ళు చెప్పేది పూర్తిగా విందాం. మన నినాదం ఏదో ఆ తరువాత రాసుకుందాం.